‘థమ్’ అనే ఇంగ్లీషు మాట: పుట్టుక, అర్థాలు, వాడుక – తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో పోటీ పరీక్షలకూ స్పోకెన్ ఇంగ్లీషుకూ చదువుకొనేవారు బొటనవేలికి ఇంగ్లీషులో ఉన్న మాట గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇక్కడ ఉన్నాయి. మాట చిన్నదే అయినా దాని చుట్టూ పేరుకున్న కథలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని నిలబడతాయి, కొన్ని తేదీలు సరిచూడగానే వీగిపోతాయి. అందువల్ల ఒక మాట గానీ జాతీయం గానీ మొదట ఏ కాలంలో, ఏ అర్థంలో రాతకెక్కిందో చూసిన తరువాతే దాని పుట్టుక కథను ఒప్పుకోవాలనే పద్ధతిని ఈ సమాధానాల్లో పాటించాము.

ఈ మాటను ‘థంబ్’ అని పలకాలా, ‘థమ్’ అని పలకాలా?

‘థమ్’ అనే పలకాలి. రాతలో చివర ‘బి’ అక్షరం ఉన్నా నోటితో పలకరు. ‘థంబ్ వేశావా?’ అని ఆఫీసుల్లో, కళాశాలల్లో హాజరు గురించి అడిగే మాట ఇప్పుడు తెలుగు వాడుకలో స్థిరపడిపోయింది కాబట్టి దానిని తప్పుపట్టవలసిన పనిలేదు. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మాత్రం ‘బి’ని వదిలేయాలి. మొదటి ధ్వని కూడా మన ‘థ’ కాదు. నాలుక కొసను పళ్ల మధ్య కొద్దిగా ఆనించి గాలి వదిలితే వచ్చే ధ్వని అది.

పలకని ‘బి’ని అసలు ఎందుకు రాస్తారు?

పాత ఇంగ్లీషులో ఈ మాట రూపం ‘థూమ’. అందులో ‘బి’ లేనే లేదు. గొర్రెపిల్లకు, దువ్వెనకు, ఎక్కడానికి ఇంగ్లీషులో ఉన్న ‘ల్యామ్’, ‘కోమ్’, ‘క్లైమ్’ అనే మాటల్లో మాత్రం ఒకప్పుడు నిజంగానే ‘బి’ పలికేది. మధ్యయుగపు ఇంగ్లీషులో ఆ ధ్వని నోటి నుంచి జారిపోయినా రాతలో నిలిచిపోయింది. ‘మ్’ ధ్వనితో ముగిసే మాటకు చివర ‘బి’ రాయడం అలవాటయ్యాక, ఆ హక్కు లేని మాటలకు కూడా లేఖకులు దానిని తగిలించారు. 13వ శతాబ్దం చివరి నుంచి బొటనవేలి మాటలో అది కనిపిస్తుంది. అవయవానికి చెప్పే ‘లిమ్’, రొట్టె పొడికి చెప్పే ‘క్రమ్’, తిమ్మిరికి చెప్పే ‘నమ్’ కూడా ఇలా తెచ్చిపెట్టుకున్న ‘బి’ ఉన్న మాటలే.

దర్జీలు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే లోహపు తొడుగును ఇంగ్లీషులో ‘థింబుల్’ అంటారు. అది ఈ బొటనవేలి మాట నుంచే పుట్టింది. విచిత్రమేమిటంటే, అందులో కూడా ‘బి’ తరువాత వచ్చి చేరినదే గానీ అక్కడ దానిని స్పష్టంగా పలుకుతారు.

మాట మూలార్థం ఏమిటి?

‘ఉబ్బినది’, ‘లావుగా ఉన్నది’ అని అర్థం. మిగిలిన నాలుగు వేళ్ల కంటే బొటనవేలు లావు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇండో యూరోపియన్ భాషా కుటుంబంలో ఉబ్బడం అనే అర్థం ఉన్న ఒక ప్రాచీన ధాతువు నుంచి ఇంగ్లీషు ‘థమ్’, జర్మన్ ‘డౌమెన్’, స్వీడిష్ ‘తుమ్మె’ వచ్చాయి. అదే ధాతువు లాటిన్‌లో మొదటి ధ్వని మారకుండా ‘ట్’తోనే నిలవగా, ఇంగ్లీషు, జర్మన్, స్వీడిష్ చేరే జర్మానిక్ శాఖలో ఆ ధ్వని ‘థ్’గా మారింది. అందుకే కంతికి చెప్పే ‘ట్యూమర్’, దుంపకు చెప్పే ‘ట్యూబర్’ అనే లాటిన్ మాటలు ఈ బొటనవేలికి దూరపు చుట్టాలవుతాయి. వేదభాషలో బలిష్ఠమైన, స్థూలమైన అనే అర్థంలో ఉన్న ‘తుమ్ర’ శబ్దాన్ని కూడా ఈ వరుసలోనే చేరుస్తారు. తొడకు చెప్పే ‘థై’ ఇదే కుదురు. వెయ్యికి చెప్పే ‘థౌజండ్’ పుట్టుక మరింత చక్కగా ఉంటుంది: దాని మొదటి భాగానికి ఉబ్బడమని, రెండో భాగానికి వంద అని అర్థం, అంటే ఉబ్బి పెద్దదైన వంద అన్నమాట. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తెలుగు ‘దుంప’ కూడా ‘ట్యూబర్’లాగా వినిపిస్తుందని రెంటినీ కలపకూడదు. చెవికి ఒకేలా వినిపించడం బంధుత్వానికి రుజువు కాదు.

తెలుగు ‘బొటనవేలు’, ఇంగ్లీషు ‘థమ్’ పూర్తిగా ఒకటేనా?

కావు. మనకు చేతికీ కాలికీ కూడా బొటనవేలు ఉంది. ఇంగ్లీషు మాట చేతికి మాత్రమే వర్తిస్తుంది. కాలి బొటనవేలిని ‘బిగ్ టో’ అంటారు. ‘లెగ్ థమ్’ అని రాసిన జవాబు పత్రాలు తక్కువేమీ కావు. పరీక్షలో పోయేది ఒక మార్కే గానీ, అలిపిరి మెట్లెక్కుతూ కాలి వేలికి దెబ్బ తగిలించుకున్న మనిషి తెలుగు రాని డాక్టరుకు ఫోనులో ‘థమ్’ నొప్పి అని చెబితే, ఆయన చేతి గురించే ఆలోచిస్తాడు. శరీరశాస్త్రంలో కూడా రెంటికీ వేరువేరు లాటిన్ పేర్లు ఉన్నాయి: చేతిది ‘పోలెక్స్’, కాలిది ‘హ్యాలక్స్’. బొటనవేలిని కదిలించే కండరాల పేర్లలో కనిపించే ‘పోలిసిస్’ అనే ముక్క ఆ మొదటి పేరుకు షష్ఠీవిభక్తి రూపమే.

ఇంగ్లీషువారి లెక్కలో ఇది వేలు అవుతుందా, కాదా?

రెండు విధాలుగానూ వాడతారు, అందుకే విద్యార్థులకు తికమక కలుగుతుంది. మిగిలిన వేళ్లకు మూడేసి ఎముకలు ఉంటే దీనికి రెండే ఉన్నాయి. పైగా మణికట్టు దగ్గర గుర్రపు జీను ఆకారంలో ఉన్న కీలు వల్ల ఇది మిగిలిన నాలుగు వేళ్లకూ ఎదురు తిరిగి వాటి కొసలను తాకగలదు. ఈ తేడాలను బట్టి దీనిని విడిగా లెక్కించేవారు ‘నాలుగు ఫింగర్లు, ఒక థమ్’ అంటారు. అయితే ఇంగ్లండు చర్చి పాత ప్రార్థన గ్రంథం పెళ్లి ఉంగరాన్ని వధువు ఎడమచేతి ‘నాలుగో వేలికి’ తొడగమంటుంది. అది ఉంగరపు వేలు కావాలంటే బొటనవేలిని ఒకటిగా లెక్కపెట్టక తప్పదు. పియానో వాయించేవారికి బొటనవేలే ఒకటో నంబరు. వయొలిన్ వాయించేవారికి చూపుడువేలు ఒకటో నంబరు. వాక్యంలో సందర్భం చూసి అర్థం చేసుకోవడమే దారి.

అంగుళానికీ బొటనవేలికీ సంబంధం ఉందా?

చాలా భాషల్లో ఉంది. ఫ్రెంచి ‘పూస్’, ఇటాలియన్ ‘పోలిచె’, డచ్చి ‘డౌమ్’ అనే మాటలకు బొటనవేలు అనీ అంగుళం అనీ రెండర్థాలు ఉన్నాయి. స్వీడిష్‌లో అంగుళానికి వాడే ‘తుమ్’ కూడా బొటనవేలి మాటకు దగ్గరిదే. ఇంగ్లీషు ‘ఇంచ్’ మాత్రం వేలి నుంచి రాలేదు. పన్నెండో వంతు అనే అర్థం ఉన్న లాటిన్ ‘ఉంకియ’ నుంచి వచ్చింది, ఎందుకంటే అడుగులో అంగుళం పన్నెండో వంతు. బరువు కొలత ‘ఔన్స్’ కూడా ఆ మాట నుంచి వచ్చిందే. అయినా కొలిచేటప్పుడు బొటనవేలు రానే వచ్చింది: 12వ శతాబ్దపు స్కాట్లండు రాజు మొదటి డేవిడ్ పేరిట ఉన్న తూనికలు కొలతల శాసనం, పెద్దవాడు, మధ్యస్థుడు, చిన్నవాడు అయిన ముగ్గురి బొటనవేళ్ల వెడల్పును గోటి మొదట్లో కొలిచి సగటు తీయమని చెబుతుంది. 1959 నాటి అంతర్జాతీయ ఒప్పందంతో అంగుళం 25.4 మిల్లీమీటర్లుగా స్థిరపడి వేళ్ల గొడవ తీరిపోయింది.

మన ‘అంగుళం’ సంస్కృతంలో వేలికి ఉన్న ‘అంగుళి’ శబ్దానికి సంబంధించినది. బొటనవేలికి ‘అంగుష్ఠం’ అనే మాట విడిగా ఉంది. శరీరంతో కొలిచే పద్ధతి మన దగ్గర పూర్తిగా పోలేదు. గోవిందరాజస్వామి గుడి పరిసరాల్లో మల్లెలు అమ్మే అమ్మ ఇప్పటికీ మోచేతి నుంచి వేలి కొస దాకా దండను చాచి ‘మూర ఇంత’ అంటుంది, ఆ మూర తన చేతిది గానీ కొనేవారి చేతిది కాదు. ముగ్గురి వేళ్ల సగటు తీయమన్న ఆ శాసనం వెనుక ఉన్న ఇబ్బంది సరిగ్గా ఇదే.

‘రూల్ ఆఫ్ థమ్’ అంటే భార్యను కొట్టే కర్ర మందానికి సంబంధించిన చట్టమని విన్నాము. నిజమేనా?

ఈ ప్రశ్న అన్నిటికంటే ఎక్కువగా వస్తుంది కాబట్టి కొంత వివరంగా చెప్పాలి. ఆ జాతీయానికి అర్థం, పుస్తకంలోని సూత్రం ప్రకారం గాకుండా అనుభవంతో వేసుకునే ఉజ్జాయింపు లెక్క అని. అన్నం వండేటప్పుడు కడిగిన బియ్యం మీద వేలు నిలిపి ఒక గణుపు మునిగేదాకా నీళ్లు పోయడం అలాంటి లెక్కే. గ్లాసుతో కొలవరు, అయినా అన్నం సరిగ్గానే అవుతుంది.

ప్రచారంలో ఉన్న కథ ప్రకారం, బొటనవేలి కంటే లావు కాని కర్రతో భర్త భార్యను కొట్టవచ్చని పాత ఇంగ్లీషు చట్టం అనుమతించిందట, జాతీయం దాని నుంచి పుట్టిందట. తేదీలు చూద్దాం. 1685లో అచ్చయిన జేమ్స్ డరమ్ అనే స్కాట్లండు మతబోధకుడి ప్రసంగాల్లో, కొలత లేకుండా అంచనాతో ఇల్లు కట్టే అవివేకుల గురించి చెబుతూ ఈ మాట వాడారు. 1692లో కత్తియుద్ధం నేర్పే పుస్తకంలో విలియం హోప్, శాస్త్రం తెలియకుండా అలవాటుతో చేసేవాడి గురించి ఇదే మాట అన్నాడు. ఆ రెండు చోట్లా భార్య ఊసు గానీ కర్ర ఊసు గానీ లేదు. వడ్రంగులు, తాపీపనివారు కొలబద్ద లేనప్పుడు బొటనవేలితో కొలుచుకునే అలవాటు నుంచి వచ్చిందనే వివరణకు ఈ వాడుకలు సరిపోతాయి.

కర్ర కథ అంతకు దాదాపు వందేళ్ల తరువాతిది. 1782లో ఇంగ్లండు న్యాయమూర్తి ఫ్రాన్సిస్ బుల్లర్ అలాంటి వ్యాఖ్య చేశాడన్న వదంతి లేచింది. జేమ్స్ గిల్రే ఆయనను ‘జడ్జి థమ్’ అని ఎగతాళి చేస్తూ కర్రలు అమ్ముతున్నట్టు వ్యంగ్యచిత్రం వేశాడు. ఆయన అలా తీర్పు చెప్పినట్టు రికార్డు మాత్రం దొరకలేదు. 19వ శతాబ్దంలో అమెరికాలోని కొన్ని కోర్టులు బొటనవేలి మందం కర్ర గురించిన పాత నమ్మకాన్ని ప్రస్తావించాయి గానీ, ఆ నమ్మకాన్నీ ఈ జాతీయాన్నీ ముడిపెట్టడం 1970ల తరువాతే వ్యాప్తిలోకి వచ్చింది.

అంతమాత్రాన ఆ రోజుల్లో భార్యలను కొట్టడం లేదని గానీ, చట్టం దానిని చూసీ చూడనట్టు వదలలేదని గానీ అనుకోరాదు. భర్తకు భార్యను ‘మితంగా’ దండించే అధికారం ఒకప్పుడు ఉండేదని ఇంగ్లీషు న్యాయగ్రంథాలే రాశాయి. దౌర్జన్యం నిజం, జాతీయానికి ఆ దౌర్జన్యం మూలం కాదు. ఈ రెండూ వేరువేరు సంగతులు. కథను ఖండించే ఉత్సాహంలో చరిత్రను కూడా ఖండించేవారు, ఆ కథను నమ్మేవారి కంటే పెద్ద పొరపాటు చేస్తున్నారు.

రోమన్ పోరాట రంగంలో ప్రేక్షకులు బొటనవేలు కిందికి చూపితే ఓడిన మల్లుడిని (గ్లాడియేటర్‌ను) చంపేవారన్నది ఎంతవరకు సరైనది?

బొటనవేలితో సైగ చేసేవారన్నది నిజం. అది కిందికి అన్నది రుజువు కాలేదు. రోమన్ కవి జువెనాల్ వాడిన మాటకు ‘తిప్పిన బొటనవేలు’ అని మాత్రమే అర్థం, ఏ వైపు తిప్పారో అందులో లేదు. పైకి లేపడమే చంపమనే సైగ అయి ఉండవచ్చని, వేలిని పిడికిలిలో దాచడం బతకనివ్వమనే సైగ అని వాదించిన పండితులు ఉన్నారు. అభిమానం చూపేటప్పుడు బొటనవేలిని నొక్కి పెట్టడం తమలో సామెతగా ఉందని రోమన్ రచయిత పెద్ద ప్లినీ రాసిన మాట ఈ వాదానికి బలమిస్తుంది. జర్మన్‌వారు నేటికీ ఎవరికైనా మేలు జరగాలని కోరేటప్పుడు ‘నీకోసం బొటనవేళ్లు నొక్కి పెడతాను’ అనే అంటారు.

మరి కిందికి చూపడం అనే ఊహ ఇంతగా ఎలా నాటుకుంది? 1872లో ఫ్రెంచి చిత్రకారుడు జెరోమ్ గీసిన చిత్రంలో ప్రేక్షకులు బొటనవేళ్లను కిందికి పొడుస్తూ కనిపిస్తారు. ఆ చిత్రానికి వచ్చిన పేరుతో సందేహాలన్నీ మరుగునపడ్డాయి. తరువాతి సినిమాలు దానినే అనుసరించాయి. బొటనవేలు ఎత్తి మెచ్చుకోలు తెలపడం 20వ శతాబ్దంలోనే లోకమంతటా పాకింది. అయినా అన్నిచోట్లా అది మెచ్చుకోలు కాదు. ఇరాన్, అఫ్ఘానిస్తాన్ వంటి చోట్ల పాత తరం వారికి అది బూతు సైగ, కాబట్టి మన జిల్లాల నుంచి గల్ఫ్ వైపు పనికి వెళ్లే వారు అక్కడ కలిసే కొత్త మనుషుల ముందు కాస్త చూసుకుని వాడటం మంచిది.

‘థమ్స్ అప్’ సీసా మీద ‘బి’ ఎందుకు కనిపించదు?

అది వ్యాపార నామం, స్పెల్లింగు కంపెనీ ఇష్టం. 1977లో కోకా కోలా మన దేశం విడిచి వెళ్లిన తరువాత పార్లే సంస్థ ఈ పానీయాన్ని తెచ్చింది. 1993లో అది తిరిగి కోకా కోలా చేతికే పోయింది. చిన్నప్పటి నుంచి ఆ సీసా చూసిన కళ్లకు ‘బి’ లేని రూపమే సరైనదనిపిస్తుంది. పరీక్షలో మాత్రం ‘బి’ రాయాలి.

ఈ మాటతో ఉన్న జాతీయాలకు తెలుగులో సరైన పలుకుబడులు ఏమున్నాయి?

మాటకు మాట పెట్టి అనువదిస్తే నవ్వులపాలవుతాము. అదే పనిచేసే తెలుగు పలుకుబడిని వెతకాలి. ఖాళీగా కూర్చుని బొటనవేళ్లను ఒకదాని చుట్టూ ఒకటి తిప్పడమనే జాతీయానికి మన ‘గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం’ అచ్చంగా సరిపోతుంది. ఒకరి బొటనవేలి కింద ఉండటం అంటే వారి గుప్పిట్లో ఉండటం. చేతులకు అన్నీ బొటనవేళ్లే ఉన్నాయంటే పనికి చేయి తిరగలేదని అర్థం. బొటనవేలు కిందికి చూపడాన్ని మనం ‘పెదవి విరవడం’ అంటాము, పైకి చూపడానికి ‘పచ్చజెండా ఊపడం’ ఉంది. దెబ్బ తగిలిన బొటనవేలిలా కనిపించడం అంటే కొట్టొచ్చినట్టు కనిపించడం, అదీ చోటు తప్పి ఉన్నప్పుడు. ఏ మొక్క నాటినా బతికించే చేతిని అమెరికాలో ‘పచ్చని బొటనవేలు’ అనీ ఇంగ్లండులో ‘పచ్చని వేళ్లు’ అనీ అంటారు. మన ఊళ్లలో ‘ఆమె చేతి చలవ’ అంటే సరిపోతుంది.

క్రియగా వాడినప్పుడు అర్థాలు మారతాయి: పుస్తకాన్ని ‘థమ్’ చేయడం అంటే పేజీలు పైపైన తిరగేయడం, దారిలో నిలబడి ‘థమ్’ చేయడం అంటే వెళ్లే బండిని లిఫ్టు అడగడం.

‘థమ్ ఇంప్రెషన్’ అనేది చదువు రానివారికి మాత్రమేనా?

వాడుకలో అలా స్థిరపడింది. ‘వేలిముద్రగాడు’ అంటే నిరక్షరాస్యుడని ఎగతాళి. చట్టం దృష్టి వేరు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం పేరు రాయలేని వ్యక్తి పెట్టే గుర్తు కూడా సంతకమే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి 2001లో చేర్చిన 32ఏ సెక్షన్ ప్రకారం, పత్రం దాఖలు చేసేవారు ఎంత చదివినవారైనా ఫోటోతో పాటు వేలిముద్రలు కూడా ఇవ్వాలి. పత్రాల్లో కనిపించే ‘ఎల్.టి.ఐ.’ అనే మూడక్షరాలకు ఎడమ బొటనవేలి ముద్ర అని అర్థం.

ముద్రను గుర్తింపుగా వాడే పద్ధతి చరిత్రలో మన దేశానికి పెద్ద చోటు ఉంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, ఒక కాంట్రాక్టరు తరువాత మాట తప్పకుండా ఒప్పంద పత్రం మీద అతని చేతి ముద్ర వేయించాడు. అది మొదట అరచేయి మొత్తం. ఆయన వేళ్లకు పరిమితమైంది తరువాతే. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో లోకమంతా వాడిన వర్గీకరణ పద్ధతిని లెక్కలతో నిలబెట్టినవారు ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం పై అధికారికి దక్కింది.

ముద్రల్లో మన పెద్దలు చెప్పే ‘చక్రం’ ఇంగ్లీషులో ‘వోర్ల్’, ‘శంఖం’ దాదాపుగా ‘లూప్’. మూడోది విల్లులా వంగిన ‘ఆర్చ్’. లూపులు అన్నిటికంటే ఎక్కువ, సుమారు 60 నుంచి 65 శాతం. ఆర్చ్‌లు 5 శాతం దగ్గర ఉంటాయి. ఎన్ని చక్రాలుంటే ఎంత అదృష్టమో ఈ శాస్త్రం చెప్పదు. రేషన్ షాపులో ‘ముద్ర పడలేదు’ అని వెనక్కి పంపించుకున్న కూలీలకు మాత్రం కారణం చెబుతుంది: రాళ్లు, మట్టి, సిమెంటు పనిలో వేలి మీది గీతల మిట్టలు అరిగిపోతే యంత్రానికి చదవడానికి ఏమీ మిగలదు.

‘థమ్‌నెయిల్’ అనే మాట యూట్యూబ్‌తో పుట్టిందా?

లేదు. మొదట అది బొటనవేలి గోరు మాత్రమే. 19వ శతాబ్దంలో గోరంత చిన్న బొమ్మకు, క్లుప్తమైన వర్ణనకు ఆ పేరు వచ్చింది. కంప్యూటర్లు ఆ అర్థాన్నే తీసుకున్నాయి. లోపల లేని సంగతిని పైన పెద్ద అక్షరాల్లో చూపించే విద్య మాత్రం మనవాళ్లది.

వాట్సాప్‌లో పంపే బొటనవేలి బొమ్మ సంతకం అవుతుందా?

ఒక దేశంలో అయింది. కెనడాలోని సస్కచెవాన్ రాష్ట్రంలో ధాన్యం కొనే సంస్థ, అవిసె గింజల ఒప్పంద పత్రాన్ని ఫోటో తీసి, ధ్రువీకరించమంటూ ఒక రైతుకు ఫోనులో పంపింది. రైతు బొటనవేలి బొమ్మ పంపాడు; గింజలు పంపలేదు. పత్రం అందిందని మాత్రమే తెలిపానని ఆయన వాదించాడు. అంతకు ముందు వారిద్దరి మధ్య ‘ఓకే’ వంటి పొట్టి జవాబులతోనే ఒప్పందాలు కుదిరి, సరుకు సవ్యంగా చేరిన సంగతిని కోర్టు గమనించి, 2023లో ఆ బొమ్మను సంతకంగానే ఎంచి 82 వేల డాలర్లకు పైగా నష్టపరిహారం విధించింది. అప్పీలు కోర్టు 2024లో దానిని సమర్థించింది.

ఆ తీర్పుకు మన కోర్టులు కట్టుబడవలసిన అవసరం లేదు. అయితే మన సమాచార సాంకేతిక చట్టంలోని 10ఏ సెక్షన్ కూడా, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని చెబుతోంది. చిత్తూరు వైపు తోతాపురి కాయను గుజ్జు ఫ్యాక్టరీలకు తోలే రైతులు ధరలు, లోడ్ల సంగతులు ఇప్పుడు ఫోనులోనే మాట్లాడుకుంటున్నారు కాబట్టి, ‘మీ మెసేజ్ చూశాను’ అని చెప్పడానికి ఆ బొమ్మ నొక్కే అలవాటు ఉన్నవారు ధర కుదరకముందు ఆ నాలుగు అక్షరాలనే టైపు చేయడం క్షేమం.